ప్రదర్శన వారంలోనూ కలం ఆగకుండా: తిరుపతి చిత్రకళా ఉపాధ్యాయులకు ఒక ప్రణాళిక

బడిలో చిత్రలేఖనం చెబుతూ, ఇంటి దగ్గర సొంతంగా బొమ్మలు వేసుకునేవారికి ఏడాదికి ఒకటి రెండుసార్లు అన్నీ ఒకేసారి మీద పడే వారం వస్తుంది. హాలులో ప్రదర్శన, కళాశాలలో ప్రసంగం, పిల్లల ముందు పని చేసి చూపే కార్యక్రమం, వీటన్నిటి నడుమ మానకూడని బడి. ఆ వారంలో ఎవరూ అడగనిది, అందువల్ల అందరికన్నా ముందు ఆగిపోయేది, సొంత పని ఒక్కటే. ప్రదర్శన అయ్యాక మళ్ళీ మొదలుపెట్టవచ్చునని కలం పక్కన పెడతాము. ఆ తరువాత పరీక్షలు, జవాబుపత్రాలు, పెళ్ళిళ్ళు వచ్చి, వేసవి సెలవుల దాకా చేయి తిరగదు.

దీనికి నాకు తెలిసిన ఉపాయం వారాన్ని ప్రదర్శన చుట్టూ కాక, చేతిలో ఉన్న ఒక గుడ్డ చుట్టూ అమర్చుకోవడం. ఇక్కడ శ్రీకాళహస్తి కలంకారీని, అంటే నూలు గుడ్డ మీద కలంతో గీసి, సహజ రంగులు నింపే పనిని ఉదాహరణగా తీసుకుంటున్నాను. మన ప్రాంతపు పని కావడం ఒక కారణం. అందులో చేయి కదిలే సమయం కన్నా గుడ్డ ఆరే సమయం, రంగు పట్టే సమయం ఎక్కువ కావడం అసలు కారణం. ఆ ఎదురుచూపు గంటల్లోకి ప్రసంగాన్నీ, సందర్శకులనూ, బడినీ సర్దుకోవచ్చు. నూనెరంగులు వేసేవారికీ ఇదే పద్ధతి కొద్ది మార్పులతో పనికి వస్తుంది. నీటిరంగుల వారికి అంత సులభం కాదు. వారు మధ్యలో ఆపగలిగిన చిన్న బొమ్మలను ఎంచుకోవలసి ఉంటుంది.

తేదీలు

తిరుపతిలో తేదీ కుదరాలంటే ముందు దేవుని క్యాలెండరు చూడాలి. శ్రీవారి బ్రహ్మోత్సవాల రోజుల్లోనూ, వైకుంఠ ఏకాదశి ముందు వెనుకల్లోనూ, రథసప్తమి నాడూ బొమ్మలు చూడడానికి ఊళ్ళోవారు బయటికి రారు. వచ్చినా ఆటో దొరకదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వాన. కార్తీకంలో తిరుచానూరు బ్రహ్మోత్సవాలు కూడా ఆ వానలోనే వస్తాయి. గుడ్డకు కావలసిన ఎండ ఆ నెలల్లో నమ్మదగినది కాదు. మేలో ఎండ ఉంటుంది గాని మనుషులు ఉండరు. మిగిలేది సంక్రాంతి తరువాతి నుంచి పదవ తరగతి పరీక్షల హడావిడి మొదలయ్యే లోపు కాలం. అందులోనూ మహాశివరాత్రి వారాన్ని తప్పించండి, ఎందుకంటే ఈ ప్రణాళికలో ఒక రోజు శ్రీకాళహస్తికి వెళ్ళవలసి ఉంటుంది. ఆ బ్రహ్మోత్సవాల సమయంలో అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు.

తేదీ ఖాయమైన రోజునే బడిలో ప్రధానోపాధ్యాయులకు ఒక ఉత్తరం ఇవ్వండి. ప్రదర్శన ఎక్కడ, ఏ రోజులు, మీకు ఏ పూట సెలవు కావాలి, ఏ తరగతి పిల్లలను ఏ రోజు తీసుకువెళ్ళదలచారు అన్నది అందులో ఉండాలి. నోటిమాట మీద నడిచే ఏర్పాట్లు సరిగ్గా ఆ వారంలోనే తనిఖీ వచ్చినప్పుడు నిలబడవు.

మూడు వారాల ముందు పెట్టవలసిన కుండ

హాలు ఖాయం చేసుకున్న రోజు సాయంత్రమే కసిమి, అంటే నల్ల గీతలకు వాడే ఇనుప నీరు, పెట్టండి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, పాత మేకులు, బెల్లం, నీళ్ళు ఒక మట్టికుండలో వేసి, మూతికి గుడ్డ కట్టి, ఇంట్లోవారి ముక్కుకు దూరంగా మేడమీద నీడలో ఉంచాలి. రెండు మూడు వారాలు పులిసిన తరువాత వడకట్టిన ఆ నీరే కలంకారీ నలుపు. కలం నుంచి దిగినప్పుడు అది పలచని తేనీరు రంగులో, ఇది గీతేనా అన్నట్టు కనబడుతుంది. గుడ్డలోని కరక్కాయ వగరుతో ఇనుము కలిసిన కొద్దిసేపటికే నల్లబడుతుంది. అంటే నలుపు కుండలో లేదు, గుడ్డ మీద పుడుతుంది. ఈ ఒక్క సంగతి పిల్లలకు చూపించగలిగితే, ప్రసంగంలో పది నిమిషాలు ఆదా అవుతాయి.

గుడ్డను ప్రదర్శనకు ముందటి ఆదివారం సిద్ధం చేసుకోవాలి. చలువ చేయని ముతక నూలు గుడ్డను రాత్రంతా నానబెట్టి, గంజి పోయేదాకా ఉతికి, ఆరవేయాలి. తరువాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, ప్రతి అంగుళమూ సమంగా తడిసేలా పిసికి, గట్టిగా పిండి, ఎండలో పరచాలి. కరక్కాయ నలుపు పట్టడానికి, పాలలోని కొవ్వు గీత పాకకుండా ఉండడానికి. పాలు తక్కువైన చోట గీత అంచులు చీమకాళ్ళలా వ్యాపిస్తాయి. పరచిన గుడ్డలో మడత ఉండిపోతే ఆ చార తరువాత ఏ రంగు కిందా దాగదు గనుక, ఆరేటప్పుడు ఒకసారి తిప్పి పరచడం బద్ధకించకూడదు. దుకాణంలో సిద్ధం చేసిన గుడ్డ కొనుక్కోవచ్చు, తప్పు లేదు. కాని దానిలో పాలు ఎంత ఉన్నాయో ఒక మూల మీద గీత గీసి చూసుకోకుండా పెద్ద బొమ్మ మొదలుపెట్టవద్దు.

ఏ బొమ్మ వేయాలి అన్నది మీ ఇష్టం. అయితే వారం పొడవునా నడిచే గుడ్డకు తక్కువ రంగులు, విడివిడి గళ్ళు ఉన్న విషయం మంచిది. మన ఊరి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో భక్తులు వేసే వేషాలు దీనికి ఎంతగా సరిపోతాయో ఆశ్చర్యం కలుగుతుంది. బైరాగి వేషానికి ఒళ్ళంతా నామం సుద్ద తెలుపు, బండ వేషానికి కుంకుమ ఎరుపు, తోటి వేషానికి బొగ్గు నలుపు, దొర వేషానికి గంధపు పసుపు. తెలుపుకు ఉత్త గుడ్డ ఉంది, నలుపుకు కసిమి ఉంది, ఎరుపుకు రంగును పట్టించే పటిక, మంజిష్ఠ వేరు ఉన్నాయి, పసుపుకు కరక్కాయ పువ్వు ఉంది. నీలిమందు జోలికి పోనక్కరలేదు. మేలో జాతర జరిగేటప్పుడు చిత్తుపుస్తకంలో వేసుకున్న రేఖాచిత్రాలు ఉంటే, వేషానికొక గడి చొప్పున గుడ్డను పంచుకుని, గడి కింద తెలుగులో పేరు రాయడానికి ఒక పట్టీ వదలండి. శ్రీకాళహస్తి పాత గుడ్డల మీద రామాయణ ఘట్టాల కింద తెలుగు అక్షరాలు ఉండేది ఇలాగే.

హాలూ, గోడలూ

పట్టణంలో మహతి కళాక్షేత్రం, అన్నమాచార్య కళామందిరం వంటివి ముఖ్యంగా సంగీత నృత్యాలకు, ప్రవచనాలకు అలవాటైన చోట్లు. బొమ్మలకు పెద్ద వేదిక అక్కరలేదు. పొడుగాటి గోడ, అడ్డంలేని నడక దారి చాలు. కళాశాల సెమినార్ హాలైనా, గ్రంథాలయపు పై గదైనా, చిత్తూరులో పెడితే నాగయ్య కళాక్షేత్రం వంటి భవనపు ముందుగదైనా, ఒప్పుకునే ముందు మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్ళి చూడండి. పడమటి కిటికీ నుంచి ఎండ నేరుగా ఏ గోడ మీద పడుతున్నదో అప్పుడే తెలుస్తుంది. చెట్టు నుంచి తీసిన పసుపు ఎండకు అన్నిటికన్నా ముందు వెలిసిపోతుంది కాబట్టి ఆ గోడకు కాగితం మీది బొగ్గు చిత్రాలనో, వివరణ పలకలనో కేటాయించాలి. గోడకు అరచేయి ఆనించి చెమ్మ ఉందేమో చూడండి. మేకులు కొట్టనివ్వరని ముందే అనుకోవడం మంచిది. పైనుంచి వేలాడదీయడానికి కర్టెన్ కడ్డీ గాని, అలమారుల మీదుగా కట్టగలిగిన తీగ గాని ఉంటే సరిపోతుంది.

కలంకారీ గుడ్డను పిన్నులతో గోడకు అంటించడం చూస్తే నాకు ప్రాణం విలవిలలాడుతుంది. పై అంచును రెండంగుళాలు మడిచి గొట్టంలా కుట్టించి, అందులో సన్నని కర్ర దూర్చి, రెండు కొసలకూ నైలాన్ దారం కట్టండి. కింది అంచులోనూ ఒక కర్ర ఉంటే గుడ్డ బరువుకు నిలుస్తుంది, పంకా గాలికి ఊగదు. మామూలుగా బొమ్మ నడిమి భాగం నేల నుంచి అయిదడుగుల ఎత్తుకు కాస్త తక్కువలో ఉండేలా కడతారు. వరుసలు వరుసలుగా కథ చెప్పే గుడ్డకు ఈ లెక్క పనిచేయదు. కింది వరుసలోని అక్షరాలు వంగకుండా చదవగలిగేలా కొంచెం ఎత్తుగా కట్టి, పెద్ద బొమ్మ ఎంత పైకి పోయినా పోనివ్వాలి.

ఎన్ని పెట్టాలి అన్నప్పుడు, ఉన్నవాటిలో సగం ఇంట్లోనే వదిలి రండి అన్నదే నా సలహా. రెండు గుడ్డల మధ్య ఒక మనిషి నిలబడేంత ఖాళీ గోడ ఉంటేనే రెండూ కనబడతాయి. ప్రతి దాని పక్కన చిన్న చీటీ మీద పేరు, కొలతలు, సంవత్సరం, వాడిన రంగులు తెలుగులో రాయండి. ధరల జాబితా విడిగా బల్ల మీద ఉండాలి. ధర విషయంలో ఒకే మాట చెబుతాను: తెలిసినవారికి ఒకటి, తెలియనివారికి ఒకటి ఉండకూడదు. తిరుపతిలో అందరికీ అందరూ తెలుసు.

సోమవారం నుంచి బుధవారం దాకా

రోజూ తెల్లవారుజామున అయిదు నుంచి ఏడు వరకు గుడ్డది. ఫోను ఆ గదిలో ఉండకూడదు. సోమవారం ఆ సమయంలో చింతబొగ్గుతో బొమ్మ అంతా తేలికగా గీసుకోవాలి. సన్నని చింతపుల్లలను గాలి తగలకుండా కాల్చి ఆర్పిన బొగ్గు మెత్తగా సాగుతుంది, చేత్తో తట్టితే రాలిపోతుంది. పెన్సిలు గీత గుడ్డను వదలదు. సాయంత్రం బడి అయ్యాక హాలులో బొమ్మలు కట్టడం. ఒకరిని సాయం తీసుకోండి, కాని దూరంగా నిలబడి ఎడమకు, కుడికి అని చెప్పేవాడు బొమ్మలు వేసేవాడు కాకుండా ఉంటే పని తొందరగా తెములుతుంది.

మంగళవారం ఉదయం కసిమి గీతలు మొదలు. సాయంత్రం ప్రారంభోత్సవం. ముఖ్య అతిథి ఒకరు చాలు. ఇద్దరైతే రెండవవారు మొదటివారి కన్నా ఎక్కువ మాట్లాడతారు. జ్యోతి ప్రజ్వలన కుందిని గుడ్డలకు దూరంగా, గాలి మళ్ళని చోట, వీలైతే హాలు బయట వసారాలో పెట్టండి. నూలు గుడ్డ, నెయ్యి దీపం, పట్టుచీరల కొంగులు, పంకా గాలి ఒక్కచోట చేరడం ఎవరికీ క్షేమం కాదు. పత్రికల స్థానిక విలేకరులకు నూటయాభై మాటల లోపు తెలుగు ప్రకటన, ఒక మంచి ఫోటో రెండు రోజుల ముందే చేరి ఉండాలి. ప్రారంభం నాటి ఫోటోలో అందరి ముఖాలూ ఉంటాయి గాని బొమ్మ ఉండదు.

హాలు తలుపు దగ్గర బల్ల మీద ఒక పూర్తయిన గుడ్డముక్క, ఒక సగం పని చేసిన గుడ్డముక్క పెట్టి, వీటిని తాకవచ్చునని రాయండి. చూసేవారికి నూలు గుడ్డ కనబడితే చేయి దానంతట అదే ముందుకు వస్తుంది. ఆ చేతికి ఒక చోటు చూపిస్తే గోడమీది గుడ్డలు బతుకుతాయి. కొందరు ముక్కు దగ్గర పెట్టుకుని పాల వాసన గుర్తుపడతారు. అక్కడి నుంచి అడిగే ప్రశ్నలు చాలా మంచి ప్రశ్నలుగా ఉంటాయి.

బుధవారం ఉదయానికి బయటి గీతలు పూర్తి కావాలి. మధ్యాహ్నం ప్రసంగం.

ప్రసంగం

తిరుపతిలో కళ గురించి వినే చెవులకు కొదవ లేదు. 1954 నుంచి ఉన్న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, రాయి, లోహం, కొయ్యలతోపాటు కలంకారీ కూడా నేర్పే దేవస్థానం వారి సంప్రదాయ శిల్ప కళాశాల, ఈ మూడూ ఊరిలోనే ఉన్నాయి. అయితే మూడు చోట్లా ఒకే ప్రసంగం చేయకూడదు. శిల్పవిద్యార్థులకు పటిక గురించి చెప్పబోతే నవ్వుతారు. వారు వినదలచేది గుడ్డను ఎలా అమ్మారు, విషయాన్ని ఎలా ఎంచుకున్నారు, రోజుకు ఎన్ని గంటలు కూర్చోగలరు వంటివి. విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఇనుము, వగరు కలిసి నలుపు కావడం చాలు, అరగంట కదలరు. సాహిత్య విద్యార్థులకు బొమ్మ కింది అక్షరాల నుంచి మొదలుపెట్టండి.

అనాది కాలం నుంచి మన దేశంలో అంటూ ప్రసంగం ప్రారంభించవద్దు. చేతిలో గుడ్డ పట్టుకుని లేవండి. దాన్ని ముందు వరుసకు ఇచ్చి, వెనక్కి పంపమనండి. అది చివరి వరుస చేరేలోపు చరిత్ర ముగించాలి. చరిత్రలో చెప్పి తీరవలసినవి కొన్నే. మచిలీపట్నం, పెడన వైపు అచ్చులతో అద్దేది, శ్రీకాళహస్తిలో కలంతో గీసేది, రెంటినీ కలంకారీ అనే అంటారు, కాని పని వేరు. శ్రీకాళహస్తి పని దాదాపు చేతులు మారకుండా ఆగిపోయే స్థితిలో ఉన్నప్పుడు, చేతిపనుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ ప్రోత్సాహంతో 1950ల చివరి ఏళ్లలో అక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం వెలిసింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ నేర్పారు. ఆయన కుమారుడు గురప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. 2005లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగే వరకు ఆ ఊరు చిత్తూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. విద్యార్థులు పాత పుస్తకాల్లో చదివి తికమక పడతారు గనుక ఇదీ ఒక ముక్క చెప్పాలి. ఇందులో నన్ను ఆకట్టుకునేది బిరుదులు కాదు, ఆ పని ఒక బడి వల్ల నిలిచిందన్న సంగతి. చిత్రలేఖనం పీరియడును లెక్కల మాస్టారు అడిగి తీసుకునే బడుల్లో పనిచేసే మనకు ఆ వివరం గుర్తుండడం మంచిది.

తెర మీద చూపే బొమ్మలు పన్నెండు మించకూడదు. మొత్తం ముప్పై నిమిషాలు; ప్రశ్నలకు మరో ఇరవై. ఎవరూ ప్రశ్న అడగకపోతే మీరే కలం తీసి ఒక విద్యార్థికి ఇవ్వండి. చప్పట్ల కన్నా ఆ విద్యార్థి చేతి నుంచి జారిన మొదటి చుక్క సభను ఎక్కువ కదిలిస్తుంది.

గురువారం, శుక్రవారం: పిల్లలు

గురువారం తోటి వేషపు ఒంటికి నలుపు నింపడం ముగించి, రాత్రికి ఎరుపు రావలసిన చోట్ల పటిక నీరు పూయాలి. ఆ తరువాత గుడ్డకు మీ అవసరం లేదు. పటిక నూలులోకి దిగడానికి కనీసం ఒక రోజు దాని మీద ఏ పనీ చేయకూడదు. శుక్రవారాన్ని పూర్తిగా పిల్లలకు ఇవ్వగలిగేది అందుకే.

పిల్లలను హాలుకు తీసుకువచ్చే ముందు బడిలోనే కలాలు తయారు చేయించండి. వెదురు పుల్లను జానెడు పొడవున కోసి, ఒక కొస చెక్కి మొనదేల్చాలి. మొనకు అంగుళం పైన ఉన్ని గుడ్డ పీలికను ఉసిరికాయంత ఉండ అయ్యేలా చుట్టి, నూలుదారంతో చుట్టూ బిగించి కట్టాలి. ఉండను రంగులో ముంచితే అది పీల్చుకుంటుంది. వేళ్ళతో మెల్లగా నొక్కితే రంగు పుల్ల వెంబడి మొనకు దిగుతుంది. నొక్కే బలమే గీత లావు. గీతకు సన్నని మొన, నింపడానికి మొద్దు మొన, అంతే తేడా. ఎనిమిదవ తరగతి పిల్లవాడు కట్టిన కలంలో దారం సడలి ఉంటే మొదటి గీతకే చుక్క రాలుతుంది. అతన్ని మందలించకుండా దారం మళ్ళీ కట్టమనండి. ఉండను ముంచిన వెంటనే పాత గుడ్డ మీద ఒకసారి ఆనించి, అదనపు రంగు పీల్చనిచ్చి, అప్పుడే బొమ్మ మీదికి రావాలన్న అలవాటు మొదటి రోజే పడాలి.

ఒక విడతకు పదిహేను మంది చాలు. మిగిలినవారు గోడమీది గుడ్డల్లో తమకు నచ్చిన ఒక అంచు నమూనాను పుస్తకంలో గీసుకుంటారు. ప్రదర్శన చూసి వ్యాసం రాయండి అని మాత్రం చెప్పవద్దు, వాళ్ళు ఒకరిది ఒకరు చూసి రాస్తారు. ఒక్క నెమలి మెడ వంపు, ఒక్క కన్ను, ఒక్క తీగ, ఇంత చిన్నది గీయమంటే గుడ్డ ముందు పావుగంట నిలబడతారు. యూనిఫాం మీద కసిమి పడితే పోదని తల్లిదండ్రులకు ముందే కబురు పంపండి. కరక్కాయ పెట్టని గుడ్డ మీద అది నల్లగా మారకపోయినా, తుప్పు మరక మిగులుతుంది. అందరికీ పాత చొక్కా తెచ్చుకోమనడమే దారి.

పటిక పూసిన గుడ్డను ఆ రోజు ఒక దండెం మీద వేసి పిల్లలకు చూపించి, ఇందులో ఎరుపు ఎక్కడ ఉందో చెప్పమనండి. ఎవరికీ కనబడదు. సోమవారం బడిలో మళ్ళీ చూపిస్తానని చెప్పి ఊరుకోండి.

శనివారం, నీళ్ళు

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి 40 కిలోమీటర్ల లోపే. తెల్లవారి బస్సు ఎక్కితే ఎండ ముదరకముందే గుడ్డ ఉతకవచ్చు. పారే నీటిలో ఉతకడం ఆచారం కోసం కాదు. అదనంగా ఉన్న పటిక, కసిమి గుడ్డను వదిలిన వెంటనే కొట్టుకుపోవాలి. నిలిచిన నీటిలోనైతే అది తిరిగి వచ్చి తెల్లగా ఉండవలసిన చోట కూర్చుంటుంది, ఉడకబెట్టినప్పుడు అక్కడా ఎరుపు మచ్చ తేలుతుంది. అక్కడి స్వర్ణముఖి నదిలో పారే నీళ్ళు లేని ఏడాది, అక్కడి పనివారు వాడే తొట్లే గతి. తిరుపతిలో అపార్ట్‌మెంటు మేడమీద చేసేవారు పెద్ద తొట్టిలో నీళ్ళు అయిదారుసార్లు మారుస్తూ, గుడ్డను ఆపకుండా కదుపుతూ ఉండాలి. ప్రయాణం మిగులుతుంది, నీటి బిల్లు పెరుగుతుంది.

అయినా వెళ్ళమనే అంటాను. ఆ ఊరిలో ఒక పూట గడిపితే, మీకన్నా బాగా గీసే చేతులు ప్రతి వీధిలో కనబడతాయి. ప్రారంభోత్సవంలో విన్న పొగడ్తలకు అది మంచి పథ్యం.

ఇంటికి వచ్చాక ఎరుపు. మంజిష్ఠ వేసిన నీటిలో గుడ్డను సన్నని మంట మీద ఉడికించాలి. పాత్ర రాగిది గాని స్టీలుది గాని కావాలి. ఇనుపదైతే, కసిమి పని మళ్ళీ మొదలై, ఎరుపు మసకబారుతుంది. నీరు మరగడానికి ముందే గుడ్డ అందులో ఉండాలి, కర్రతో తిప్పుతూనే ఉండాలి, ఒక్కచోట తేలిపోతే అక్కడ రంగు పలచబడుతుంది. పటిక ఉన్న చోట రంగు కరుచుకుంటుంది, లేని చోట పైపైన అంటి ఉతికితే పోతుంది. మొదట గడి అంతా గులాబి రంగుగా కనబడి భయపెడుతుంది. తీసి, ఉతికి, ఎండలో పరచినప్పుడు బండ వేషం వాడి ఒళ్ళు ఎర్రగా తేలుతుంది. ఆ సాయంత్రం హాలులో మీరు లేకపోయినా ఫరవాలేదు. బల్ల దగ్గర కూర్చోవడానికి ఒక పాత విద్యార్థిని ముందే ఒప్పించి ఉంచండి.

ఆదివారం

ఆదివారం ఉదయం గుడ్డను మళ్ళీ పాలలో ముంచి ఆరవేయాలి, లేకపోతే సోమవారం వేయవలసిన పసుపు గీత దాటి పాకుతుంది. ఆ పసుపును ఆదివారమే వేసి ముగించాలన్న ఆత్రం వద్దు. దొర వేషపు గంధం సోమవారం తెల్లవారుజాము కోసం ఉంచితే, ప్రదర్శన ముగిసిన మరునాడు కూడా అయిదు గంటలకు లేవడానికి ఒక పని ఉంటుంది. ఈ వారం మొత్తాన్ని ఇలా పేర్చింది ఆ ఒక్క ఉదయం కోసమే. బడిలో పిల్లలకు ఎరుపు చూపించవలసింది కూడా ఆనాడే కదా.

ఆదివారం జనం ఎక్కువ. భోజనాలయ్యాక కుటుంబాలతో వస్తారు, పిల్లలు పరుగెత్తుతారు, ఎవరో ఒకరు ఇంటిలో హాలు గోడకు సరిపోయే కొలత చెప్పి, అదే బొమ్మ కావాలంటారు. అదే బొమ్మ మళ్ళీ రాదని, ఆ కొలతలో మరొకటి వేయవచ్చునని చెప్పి, గడువు చెప్పేటప్పుడు మనసులో అనుకున్నదానికి రెట్టింపు చెప్పండి. బయానా తీసుకుంటే, చీటీ మీద కొలత, విషయం, ధర, గడువు రాసి ఇద్దరూ సంతకం చేయడం ఇద్దరికీ మంచిది.

రాత్రి బొమ్మలు దించేటప్పుడు మడతలు పెట్టవద్దు. పాత నూలు చీర ముక్కను పరచి, దాని మీద గుడ్డను బోర్లా వేసి, రెండూ కలిపి కర్రకు చుట్టండి. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మ పడుతుంది, పాల గుడ్డకు బూజు తొందరగా వస్తుంది. అమ్ముడైన వాటితో ఒక చిన్న కాగితం పంపండి: మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్ళలో, కుంకుడు రసంతో, నీడలో ఆరవేయాలి, ఇస్త్రీ వెనుక వైపు నుంచి, గోడకు కట్టదలిస్తే ఎండ పడని గోడకు.